గట్టు మీద పెట్టిన ఒట్టు

నవలలు రాసేవాళ్ళకి కాన్సరంత వీలైన జబ్బు మరొకటి లేదు. గుండెపోటుతో పాత్రను చంపితే ఒక్క వారంలో కథ అయిపోతుంది. టైఫాయిడ్ అంటే ఈ రోజుల్లో ఎవరూ ఏడవరు. అదే కాన్సరనుకోండి, పన్నెండు వారాలు నిశ్చింతగా నడుస్తుంది. కథానాయిక రోజురోజుకీ పాలిపోతూ మరింత అందంగా తయారవుతుంది, కిటికీ పక్కన కూర్చుని ఉత్తరాలు రాస్తుంది, అలిగి వెళ్ళిపోయిన మొగుడు ఆఖరి వారం రైలు దిగుతాడు. నేనూ ఇద్దర్ని అలా సాగనంపాను. ఒకమ్మాయికి రక్తంలో వచ్చింది. రెండో అమ్మాయికి ఎక్కడ వచ్చిందో నేను చెప్పనే లేదు. పాఠకులు కన్నీళ్ళతో ఉత్తరాలు రాశారు గానీ, "ఇంతకీ ఆ పిల్లకి ఏం మందు ఇచ్చారండీ?" అని ఒక్కరూ అడగలేదు. అడిగివుంటే నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది బి.ఏ. అదీ చరిత్ర, తెలుగు.

ఆ జవాబు నాకు మా అక్క చెప్పించింది.

అక్కావాళ్ళది విశాఖపట్నం ఆటోనగర్. గాజువాక వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వెళ్ళనివాళ్ళకి చెప్పినా వినబడదు, ఆ మోతలో. బావగారికి అక్కడ లేతు షెడ్డు. కింద రెండు లేతులూ ఒక డ్రిల్లింగు మిషనూ, పైన మూడు గదుల ఇల్లు. అటుపక్క లారీలకి బాడీలు కట్టే షెడ్డు, ఇటుపక్క కమాన్ పట్టీల పని. పొద్దున్న మొదలైతే రాత్రిదాకా ఇనుము మీద ఇనుము. చుట్టపుచూపుగా వెళ్ళిన నాకు తలనొప్పి వస్తే, అక్కకి ఆదివారం మధ్యాహ్నం నిద్రపట్టేది కాదు. "చప్పుడు లేకపోతే ఎలా పడుకుంటారే జనం!" అనేది.

ఆ చప్పుడులోనే అక్క దగ్గు ఎవరికీ వినబడలేదు. 2022 దసరాకి మొదలైంది. వెల్డింగు పొగ అన్నారు. పోర్టు నుంచి కొట్టుకొచ్చే బొగ్గు పొడి అన్నారు. చలి అన్నారు. కొన్నాళ్ళు సీసాల మందు తాగింది. తర్వాత ఒక డాక్టరు, పేరెందుకులెండి, ఎక్స్‌రేలో మచ్చ చూసి క్షయ మందులు మొదలుపెట్టాడు. ఈ పొరపాటు మన దేశంలో చాలామందికి జరుగుతుంది. ఊపిరితిత్తిలో రెండు జబ్బుల మచ్చలూ ఒక్కోసారి ఒకేలా కనబడతాయి, మనకి క్షయ ఎక్కువ, చెయ్యి ముందు అటే పోతుంది. తీరా ముక్క తీసి పరీక్షకి పంపించేసరికి 2023 ఫిబ్రవరి. నాలుగో దశ అన్నారు. ఐదోది లేదు.

అక్క ఏడవలేదు, కోపం తెచ్చుకుంది. "నేనేం చుట్ట కాల్చానా?" అంది. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండు చేతులా పని చేసుకుంటూ వుంటారు. దానితో అంగిట్లో కాన్సరు వస్తుందని ఎన్నడో తేల్చారు. మా నాయనమ్మ అలా కాల్చి, ఏమీ రాకుండా ఎనభై దాటి బతికి, మా అందరికీ చాలా తప్పుడు పాఠం నేర్పి పోయింది. ఆ నాయనమ్మని వదిలేసి తనని పట్టుకోవడం అక్కకి అన్యాయంగా తోచింది.

మాకు దొరికిన డాక్టరమ్మ చిన్నపిల్ల. ముప్ఫై అయిదుకి మించదు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పొగ తాగని వాళ్ళకీ, అందులోనూ మన ఆసియా ఆడవాళ్ళకీ వచ్చే ఊపిరితిత్తుల కాన్సరు ఒకటి వుంది. కణాల్లో ఈ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువు దారి తప్పడం వల్ల వస్తుంది. దానికి సరిగ్గా తగిలే మాత్ర జెఫిటినిబ్, రోజుకొకటి. దానితోపాటు మూడు వారాలకోసారి సెలైనులో మందు ఎక్కిస్తారు. ఇలా రెండూ కలిపి ఇవ్వచ్చని తేల్చింది మన ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళే. ఆటోనగర్‌కి కాస్త దూరంలో అగనంపూడిలో హోమీభాభా కాన్సరు ఆస్పత్రి వుంది చూశారూ, అది ఆ సంస్థదే. వాళ్ళు 350 మంది రోగుల్ని తీసుకుని, ఎవరు ఎటన్నది చీటీలు వేసినట్టు వేసి, సగం మందికి ఒట్టి మాత్రా, సగం మందికి రెండూ ఇచ్చి చూశారట. మాత్ర మాత్రమే వేసుకున్నవాళ్ళలో జబ్బు మళ్ళీ తలెత్తడానికి సుమారు 8 నెలలు పడితే, రెండూ తీసుకున్నవాళ్ళలో 16 నెలలు పట్టింది. బాధలూ ఎక్కువే పడ్డారు. ఇదంతా 2020లో అచ్చయింది.

"పదహారు నెలలకి గ్యారంటీ కార్డు ఇస్తారా?" అన్నారు బావగారు. ఆయన జీవితమంతా బేరింగులతో గడిచింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "జబ్బు పూర్తిగా పోదండీ. వెనక్కి నెడతాం," అంది.

ఎంతవరకు నెట్టగలిగారో ఇక్కడే చెప్పేస్తాను, మిమ్మల్ని పన్నెండు వారాలు కూర్చోబెట్టను. పద్నాలుగో నెలలో జబ్బు మళ్ళీ లేచింది. 2024 శ్రావణమాసంలో అక్క పోయింది. నేను రాయాలనుకున్నది అది కాదు, మధ్యలో జరిగినది.

"పూర్తిగా పోదు" అన్న మాట ఇంట్లోకి వచ్చాక దాని వెనకాలే అందరూ వచ్చారు. సింహాచలం మొక్కు చెప్పినవాళ్ళు, గోధుమగడ్డి రసం చెప్పినవాళ్ళు, తమిళనాడులో ఒక వైద్యుడి ఊరు చెప్పినవాళ్ళు. నేను చదువుకున్నదాన్ని కనుక వాళ్ళని చూసి నవ్వాలి. నవ్వలేకపోయాను. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకోసం వేలమంది దారులు కిక్కిరిసి నిలబడ్డప్పుడు టీవీ ముందు కూర్చుని, జనానికి బుద్ధిలేదు అన్నదాన్ని నేనే. క్యూలో మనవాళ్ళు లేనప్పుడు అలాంటి మాటలు సులువుగా వస్తాయి.

బాడీలు కట్టే షెడ్డాయన ఆ ఏప్రిల్లో చైనా వెళ్ళాడు. అక్కడ కాంటన్ అనే గాంగ్‌జౌ నగరంలో 1957 నుంచీ ఏటా రెండుసార్లు పెద్ద సంత జరుగుతుంది, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. మన చిన్న కార్ఖానాల వాళ్ళు కూడా మిషన్లు చూసుకోడానికి పోతుంటారు. ఆయన ప్రెస్సు మిషను బేరం చేసుకుని, దుబాసీగా పెట్టుకున్న కుర్రాణ్ణి వెంటేసుకుని ఒక మందుల అంగడికి వెళ్ళి, సెల్‌ఫోనులో అక్క రిపోర్టులు చూపించి, నలభై రెండు పొట్లాలు కట్టించుకొచ్చాడు. సొంత డబ్బుతో. తిరిగి ఇస్తానంటే బావగారి మీద అలిగాడు.

"అక్కడ పెద్దాసుపత్రుల్లో ఒకే కప్పు కింద కాన్సరు మందూ ఇస్తారు, ఈ కషాయమూ ఇస్తారు చెల్లెమ్మా. మనలాగ ఇదో అదో అని కొట్టుకోరు," అన్నాడు అక్కతో. ఆ మాట నిజమే. తర్వాత తెలుసుకున్నాను. అక్కడ ఊపిరితిత్తుల కాన్సరు ముదిరినవాళ్ళకి కషాయం ఇచ్చేది ఎక్కువగా ఆ మందుల మీద అదనంగానే, ఆకలీ ఓపికా నిలబడడానికి. శత్రువుని కొట్టే పని ఒకరిది, కోటలో బియ్యం నిలవచేసే పని ఇంకొకరిది అన్నమాట.

బావగారు కొత్త మట్టికుండ తెచ్చారు. పొట్లాం విప్పితే సొరకాయ పెచ్చుల్లా తరిగిన వేళ్ళు, ఏవో బెరళ్ళు, నల్లటి గింజలు. మూడు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా కాచాలి. ఆ వాసన గ్రీజునీ పెయింటునీ దాటుకుని వీధి మొగదాకా పోయేది. పనిమనిషి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటమ్మా ఇది? గుమ్మంకాడ కుక్క కూడా నిలబడనేదు," అంది. అక్క మాత్రం కళ్ళు మూసుకుని గటగటా తాగేసి, "తియ్యగానే వుందే చివర్న," అనేది. ఆ తీపి సంగతి గుర్తుంచుకోండి.

సరిగ్గా ఆ మొదటి రోజే నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "డాక్టరమ్మకి చెప్పకు. నా మీద ఒట్టు."

"ఎందుకు చెప్పకూడదూ?"

"కోప్పడుతుంది. ఆవిడ కోప్పడితే నాకు భయం. ఈ కషాయం పోతే అదో భయం."

ప్రతి మూడు వారాలకీ ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగేది, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా? ఆకులూ, పసర్లూ, ఏమైనా?" అక్క "లేదమ్మా" అనేది. బావగారు బూట్లు చూసుకునేవారు. నేను ఫ్యాను చూసేదాన్ని.

సెలైను ఎక్కడానికి చాలాసేపు పట్టేది. ఒకరోజు పొద్దుపోక అక్కకి ఆ సీసాలోని మందు కథ చెప్పాను. దాని పేరు పెమెట్రెక్సెడ్. ఫోలిక్ యాసిడ్ అనే విటమినుకి ఎదురు నిలిచి కాన్సరు కణానికి తిండి దొరక్కుండా చేసే జాతి. ఆ జాతికి మూలపురుషుల్లో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, దానికి విరుగుడులాంటి మందుల్నీ చేసింది. వాటితోనే 1940లలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సరు పిల్లల్ని కొన్నాళ్ళపాటయినా తేరుకునేలా చేశాడు. పెమెట్రెక్సెడ్ ఆ తర్వాతి తరాల మనవడు. అది ఎక్కేవాళ్ళకి బాధ తగ్గడానికి రోజూ ఒక ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఇస్తారు. తాళమూ చెవీ రెండూ ఆయన ఇంటివేనన్నమాట.

"భీమవరం వాడా!" అని అక్క ఆ సీసాని చుట్టాన్ని చూసినట్టు చూసింది.

నేను వూరుకోవచ్చు కదా. నవలలు రాసే బుద్ధి, కథ మధ్యలో ఆపలేను. సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారనీ, ఆయనకీ అదే పట్టుకుంటే మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం మందుతో తేరుకున్నారనీ, ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్ళారనీ కూడా చెప్పేశాను.

అక్క తల తిప్పి నన్ను చూసింది. "అంటే ఆయన్ని నిలబెట్టింది వేళ్ళూ ఆకులేగా? మరి నా కుండ మీద నీకేమిటే అంత అనుమానం?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా వుందనుకోను. మన పెరట్లో బిళ్ళగన్నేరు నుంచి కాన్సరు మందులు తీశారు. అందులో వినోరెల్బిన్ అనేది ఊపిరితిత్తుల కాన్సరుకే వాడతారు. చైనాలో తూ యూయూ అనే ఆవిడ పాత వైద్యగ్రంథం తిరగేసి, ఒక మాచిపత్రిలాంటి మొక్క నుంచి మలేరియా మందు తీసి 2015లో నోబెల్ బహుమతి తీసుకుంది. అయితే ఆ కుండలన్నిటి లోంచీ ఎవరో ఒక్క పదార్థాన్ని బయటికి తీసి, తూచి, ఎంతమందికి ఎంత ఇస్తే ఏమయిందో రాసిపెట్టారు. మా కుండలో ఏం వుందో మాకు తెలియదు. ఇంత తేడా అప్పుడు నోటికి రాలేదు. ఫ్యాను చూశాను.

జూన్ మొదటివారంలో అక్కకి తలనొప్పి మొదలైంది. అక్కకి పదేళ్ళుగా బి.పి. వుంది, మాత్రతో అదుపులో వుండేది. అలాంటిది 190కి పోయింది. పాదాలు వాచాయి. మెట్లు ఎక్కబోయి మధ్యలో కూర్చుండిపోయింది, కాళ్ళు దూదిలా అయిపోయాయంది. రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయి వుంది. డాక్టరమ్మ బి.పి. మాత్ర మార్చింది, గుండె పరీక్ష చేయించింది, కాన్సరు మందుల వివరాలన్నీ తిరగేసింది. ఎందులోనూ కుదరడంలేదు. చివరికి, "రెండు వారాలు జెఫిటినిబ్, సెలైను రెండూ ఆపి చూద్దాం. ఏది చేస్తోందో తేలాలి," అంది.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. పొట్లాం మీద కాగితాన్ని ఫోటో తీసి మా మరిది కొడుక్కి పంపించాను. వాడు చైనాలో ఎం.బి.బి.ఎస్. చదివొచ్చాడు. ఆరేళ్ళలో వాడు నేర్చుకున్న చైనా భాష మా ఇంట్లో పనికొచ్చిన సందర్భం అదొక్కటే. అరగంటలో ఫోను చేశాడు.

"పెద్దమ్మా, మొదటిది హువాంగ్‌చీ అని ఒక వేరు. బలానికి ఇస్తారు. రెండోది గాన్‌త్సావ్, అంటే తియ్యగడ్డి. మన అతిమధురం. అదే ఎక్కువ వేశారు. అత్తకి బి.పి. వుందని వాళ్ళకి చెప్పారా?"

ఎవరు చెబుతారు? ఫోనులో చూపించింది కాన్సరు రిపోర్టులు.

అతిమధురం మన ఇళ్ళలోనూ దగ్గుకి బుగ్గన పెట్టుకునేదే. చైనా వైద్యంలో దాదాపు ప్రతి కషాయంలోనూ పడుతుంది. మిగతా మూలికల మధ్య తగువులు తీరుస్తుందని దానికి రాజ్యానికి పెద్ద అని బిరుదట. కానీ వారాల తరబడి ఎక్కువగా పడితే ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టివుంచుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది, బి.పి. పెంచుతుంది. అక్క ఒంట్లో వున్నవన్నీ అవే. దానికి తోడు బావగారు, అంత ఖరీదు సరుకు పారబొయ్యడమెందుకని, కాచిన పిప్పిని సాయంత్రం మళ్ళీ కాచి ఇచ్చేవారట!

"అసలు ఇది పనిచేస్తుందా లేదా చెప్పరా," అన్నాను.

"హువాంగ్‌చీ కలిపిన కషాయాల మీద 2006లో అమెరికాలో ఒక లెక్క వేశారు పెద్దమ్మా. 34 పరీక్షలు, 2,815 మంది ఊపిరితిత్తుల కాన్సరు రోగులు. కీమో మీద అదనంగా ఇస్తే మేలేనేమో అనిపించింది. కానీ ఆ పరీక్షలు చేసిన తీరు బాగాలేదు, గట్టిగా మళ్ళీ చేస్తేగానీ నమ్మలేం అని వాళ్ళే రాశారు." కాసేపాగి, "ఇంకో పేరు చేత్తో గిలికారు, నాకు అంతుపట్టలేదు. అది నాకు భయం," అన్నాడు. 1990ల్లో బెల్జియంలో బక్కచిక్కడానికి మాత్రలు మింగిన ఆడవాళ్ళు వందమందికి పైగా మూత్రపిండాలు పాడుచేసుకున్నారట. ఒక చైనా వేరు బదులు, ఇంచుమించు అదే పేరున్న ఇంకో వేరు పొడిలో పడింది. అది మన ఈశ్వరవేరు జాతిది.

తెల్లవారి ఆస్పత్రికి బయల్దేరాం. చేతిసంచిలో ఒక పొట్లాం, నెత్తిమీద ఒట్టు.

ఒట్టంటే మీకు తెలుసు. తప్పితే నాకేమీ కాదు, ఎవరి నెత్తిమీద చెయ్యి పెట్టానో వాళ్ళకి అవుతుంది. మామూలు రోజుల్లో అయితే మూఢనమ్మకం అని ఒక పేజీ వ్యాసం రాసి మీ మీదకి వదిలేదాన్ని. నాలుగో దశలో వున్న తోడబుట్టినదాని నెత్తిమీద వేసిన ఒట్టు తప్పడానికి బి.ఏ. చాలలేదు. చెప్పకపోతే ఆపేది మాత్రని. చెబితే తెగేది ఒట్టు. వరండాలో బల్లమీద కూర్చుని అటూ ఇటూ వేసిన లెక్కే వేశాను. పేరు పిలిచారు. లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ చీటీ మీద "ఆపాలి" అని రాయబోతూ అలవాటుగా అడిగింది, "ఇంకేమైనా వాడుతున్నారా?"

"లేదమ్మా," అంది అక్క.

నేను సంచిలోంచి పొట్లాం తీసి బల్లమీద పెట్టాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే విచిత్రం. పొట్లాం విప్పి, ఒక ముక్క వాసన చూసి, కొరికి, "అతిమధురం," అంది. ఫైల్లో పెద్ద అక్షరాలతో రాసుకుంది. మాత్ర ఆపనక్కర్లేదంది. కషాయం మాత్రం ఆ రోజునుంచే బందు. తర్వాత నా వైపు తిరిగి, "చైనాలో కషాయం ఇచ్చే డాక్టరుకి నా మందేమిటో తెలుస్తుంది, నాకు ఆయన కషాయమేమిటో తెలుస్తుంది. ఇక్కడ మీరు ఫ్యాను చూస్తారు, నాకేం తెలుస్తుందండీ?" అంది. గమనించిందన్నమాట, నెలన్నరగా.

తిరుగుదారిలో అక్క నాతో మాట్లాడలేదు. లారీల వెనక లారీలు, ఎండ, దుమ్ము. గాజువాక కూడలి దగ్గర కారు ఆగిపోయింది. కిటికీలోంచి బయటికే చూస్తూ అంది.

"ఒట్టు పొద్దున్నే తీసేశానులే."

"ఏమిటీ?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను, నీ సంచి ఎత్తుగా వుండడం చూసి. కడుపులో మాట దాగితే నువ్వు నవలలెందుకు రాస్తావు?"

చిన్నప్పుడు చెరువు దగ్గర ఆడుకునేటప్పుడు వేసిన ఒట్లన్నీ మేం అలాగే గట్టుమీద పెట్టేవాళ్ళం. బావగారు ముందు సీట్లో ముక్కు చీదుకున్నారు.

రెండు మూడు వారాల్లో పొటాషియం దారికొచ్చింది, బి.పి. దిగింది. చైనా వైద్యంలో మా ఇంట్లో మిగిలిందల్లా ఒకటే, అదీ డాక్టరమ్మ అనుమతితోనే. మణికట్టు మడత నుంచి మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు నరాల మధ్య ఒక చోటుంది. అక్కడ సూది గుచ్చితే కీమో వికారం తగ్గుతుందని 1997లో అమెరికా ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం కూడా ఒప్పుకుంది. సూదికి బదులు వేలితో నొక్కుకోవడం మా అబ్బాయి చూపించాడు. "వాంతి మందు మానకండి, దానితోపాటు నొక్కుకుంటే నష్టంలేదు," అంది డాక్టరమ్మ. అక్క దానికి చైనా మీట అని పేరు పెట్టింది. సెలైను ఎక్కుతుంటే ఒక చేతికి భీమవరం, రెండో చేతికి చైనా అనేది.

అక్టోబరులో షెడ్డాయన మళ్ళీ సంతకి బయల్దేరుతూ చెప్పడానికి వచ్చాడు. జరిగిందేదీ ఆయనకి తెలియదు. అప్పటికి అక్క కాస్త ఒళ్ళు చేసింది, కిందకి దిగి లేతుల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఆయన మొహం ఇంతయింది.

"పనిచేసింది చెల్లెమ్మా, కషాయం! చూశావా!"

బావగారు బూట్లు చూసుకున్నారు. నేను తలెత్తాను గానీ షెడ్డులో ఫ్యాను లేదు.

"చేసింది అన్నయ్యా," అంది అక్క. "కానీ ఇంక వద్దు. ఆ వాసన నావల్ల కాదు. ఈసారికి మంచి టీపొడి తెచ్చిపెట్టు."

తెచ్చాడు. రెండు డబ్బాలు. ఒకటి అక్క తాగింది. రెండోది డాక్టరమ్మకి ఇమ్మని నా సంచిలో పెడుతూ, "లోపల ఏం రాశారో ముందు మీ వాడిచేత చదివించి మరీ ఇయ్యి," అంది.